డౌన్ సిండ్రోమ్ పిల్లలు: థైరాయిడ్ మాత్ర, ఐరన్, తిండి, తెలివి (బెంగళూరు తెలుగు శ్రోతల ఫోన్-ఇన్ కార్యక్రమం, పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ ఆదివారం ఫోన్-ఇన్‌కి బెంగళూరులోని తెలుగు శ్రోతలందరికీ స్వాగతం. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల బుద్ధి వికాసం మీద తిండి, హార్మోన్లు ఎంత పనిచేస్తాయన్నది ఈ వారం విషయం. పిల్లల హార్మోన్ల డాక్టరు గారు స్టూడియోలో ఉన్నారు. లైన్లు అప్పుడే నిండిపోయాయి. మేడమ్, ముందుగా రెండు మాటలు.

డాక్టర్: రెండే చెప్తాను. డౌన్ సిండ్రోమ్ అంటే కణాల్లో 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటం. 1959లో ఫ్రాన్సులో జెరోమ్ లెజ్యూన్ బృందం దీన్ని బయటపెట్టింది. ఆ మూడోదాన్ని తీసేసే మందు లేదు. తెలివి పెంచే టానిక్ కూడా లేదు. కానీ ఆ బిడ్డకున్న తెలివిని తినేసేవి చాలా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, ఐరన్ తగ్గడం, బి12 తగ్గడం, నిద్రలో ఊపిరి ఆగిపోవడం, చెవిలో నీరు చేరి సరిగా వినపడకపోవడం. ఇవన్నీ పట్టుకోవచ్చు, సరిచేయొచ్చు. "డౌన్ కదా, అందుకే మందకొడిగా ఉన్నాడు" అని అన్నిటినీ దాని మీదకే నెట్టేస్తే ఇవి ఏళ్ల తరబడి కనపడకుండా ఉండిపోతాయి. ఇక ఫోన్లు తీసుకుందాం.

వ్యాఖ్యాత: బొమ్మనహళ్లి నుంచి మొదటి కాల్.

శ్రోత: నమస్తే మేడమ్. మా పాపకి రెండు నెలలు. పుట్టిన మూడో రోజు మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ చూశారు, నార్మల్ అన్నారు. ఇంక ఆ భయం లేనట్టేనా?

డాక్టర్: లేనట్టు కాదమ్మా. పుట్టినప్పటి రిపోర్టు ఆ రోజు సంగతే చెబుతుంది. ఈ పిల్లల్లో థైరాయిడ్ తర్వాత ఎప్పుడైనా తగ్గొచ్చు. ఆరో నెలలో ఒకసారి, ఏడాది నిండినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ఏడూ. బాగున్నా సరే, ప్రతి ఏడూ. థైరాయిడ్ తగ్గితే పెరిగే హార్మోన్ టీఎస్‌హెచ్, దాంతో పాటు థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 కూడా రాయించుకోండి. పుట్టినరోజు నెలలో పెట్టుకుంటే మర్చిపోరు.

శ్రోత: లక్షణాలు ఏమన్నా కనపడితే చూపిద్దామని...

డాక్టర్: లక్షణాల కోసం ఆగకండి. థైరాయిడ్ తగ్గితే వచ్చేవేంటి? ఒళ్లు మెత్తబడటం, మలబద్ధకం, ఎక్కువ నిద్ర, నాలుక బయటికి రావడం, చర్మం పొడిబారడం, ఎదుగుదల మందగించడం. ఇవన్నీ డౌన్ సిండ్రోమ్‌లో మామూలుగానే ఉంటాయి. కంటితో చూసి తేడా పట్టడం నావల్ల కూడా కాదు. మొదటి మూడేళ్లలో మెదడు పెరగడానికి ఆ హార్మోన్ కావాలి, ఆ కాలం పోతే తిరిగి తెచ్చుకోలేం. విటమిన్ డి చుక్కలు వేస్తున్నారా?

శ్రోత: వేస్తున్నాం, రోజూ ఒక ఎమ్మెల్.

డాక్టర్: సీసా మీద చూడండి. కొన్నిట్లో ఒక ఎమ్మెల్‌కి 400 యూనిట్లు ఉంటాయి, కొన్నిట్లో 800. పాపకి కావలసింది 400. కంపెనీ మారినప్పుడల్లా చూసుకోండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. కె.ఆర్.పురం నుంచి ఒక పెద్దావిడ.

శ్రోత: నమస్కారం డాక్టరమ్మా. మాది మదనపల్లి పక్కన. కొడుకు ఉద్యోగం ఈడే, అందుకని కె.ఆర్.పురంలో ఉండాము. కోడలిది రాత్రి డ్యూటీ, పొద్దున పండుకుంటుంది పాపం. మనవడిని నేనే చూసుకుంటా. వాడికి ఆరేండ్లు. చానా మంచోడు, పాట పెడితే చాలు ఎగురుతాడు. ఈ మధ్య ఇస్కూల్లో టీచరు ఏమంటాదంటే, ముందర చెప్పిన అక్షరాలు కూడా మర్చిపోతాండాడు, కూచున్నచోటే తూగుతాండాడు అని. జ్ఞాపకశక్తికి ఒక పొడి ఉండాదంట, మా ఆడబిడ్డ తెచ్చింది, అది ఇయ్యొచ్చునా అని...

డాక్టర్: పొడి సంగతి తర్వాత చూద్దామమ్మా. థైరాయిడ్ పరీక్ష చేయించారా?

శ్రోత: అయ్యో, ఆ మాత్ర రెండేండ్ల నుంచి ఇస్తానే ఉండాము. ముందర 25 ఉన్నింది, తర్వాత 50 చేసినారు, పోయిన నెల 62.5 చేసినారు. అయినా ఆ టీఎస్‌హెచ్ దిగనే దిగదు. 14 ఉన్నింది 18 అయింది. డాక్టరేమో మాత్ర సరిగా వేస్తున్నారా అంటాడు. నేను ఒక్కరోజు కూడా మానలేదు తల్లీ, వాడి మీద ఒట్టు.

డాక్టర్: నమ్ముతాను. ఒట్టు అక్కర్లేదు. ఎలా ఇస్తారో మొదటి నుంచి చెప్పండి.

శ్రోత: ఆరున్నరకి లేపుతా. వట్టి మాత్ర ఇస్తే ఉమ్మేస్తాడు, అందుకని నూరి రాగి జావలో కలిపి తాపిస్తా.

డాక్టర్: జావలో పాలు పోస్తారా?

శ్రోత: పాలు లేకుండా ఎట్లా? గ్లాసుడు పాలు పోస్తా, బెల్లం ఏస్తా. ఆ గ్లాసు మొత్తం తాగడు అనుకో, అడుగున కొంచెం మిగులుస్తాడు.

డాక్టర్: ఐరన్ సిరప్, క్యాల్షియం లాంటివి ఏమన్నా?

శ్రోత: రెండూ ఉండాయి. రక్తం తక్కువ అన్నారు. మర్చిపోకూడదని జావ తాగినాక అన్నీ ఒగేసారి పోసేస్తా.

డాక్టర్: అమ్మా, మీరు ఒక్కరోజు కూడా మానలేదు, కానీ మాత్ర వాడి ఒంట్లోకి పోవడం లేదు. పాలల్లో క్యాల్షియం ఉంది, రాగుల్లో ఉంది, సిరప్పులో ఉంది. ఐరన్ ఉంది. ఇవి ఆ మాత్రని కడుపులోనే పట్టేసుకుంటాయి. పట్టుకున్నది రక్తంలోకి చేరదు, దొడ్డికి పోతుంది. పైగా గ్లాసు అడుగున వాడు మిగిల్చేదేంటి? నూరిన పొడి నీళ్లలో కరగదు, అడుక్కి చేరుతుంది. అంటే మందే మిగులుస్తున్నాడు.

శ్రోత: అయ్యో దేవుడా. అంటే తప్పు నాదేనా?

డాక్టర్: ఎవరూ చెప్పలేదు కాబట్టి జరిగింది. ఇప్పుడు చెప్పేది కాగితం మీద రాసుకోండి. లేచిన వెంటనే, నోట్లో ఇంకేమీ పడకముందు మాత్ర. రెండు చెంచాల మధ్య నొక్కి పొడి చేయండి. ఒక టీస్పూను మామూలు నీళ్లు, అంతే. పాలు కాదు, జావ కాదు, హార్లిక్స్ కాదు. తాగించాక అదే చెంచాలో ఇంకొంచెం నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా తాగించండి. ఉమ్మేస్తాడంటున్నారు కాబట్టి సూది లేని సిరంజితో చెంపలోపలికి కొద్దికొద్దిగా వదలండి, నాలుక మీద కాదు. ఆ తర్వాత అర గంట నుంచి గంట వరకు నీళ్లు తప్ప ఏమీ వద్దు. అప్పుడు జావ.

శ్రోత: గంట ఆకలికి ఆగడమ్మా వాడు, బడి బస్సు ఎనిమిదికి వచ్చేస్తాది.

డాక్టర్: ఆరున్నర బదులు ఆరుంపావుకి లేపండి, ఏడుంపావుకి జావ ఇవ్వండి. మరీ గొడవ చేస్తే అర గంటకి ఇవ్వండి, కానీ రోజూ ఒకేలా ఇవ్వండి. ఇవాళ పది నిమిషాలు, రేపు గంటా అయితే మాత్ర కొలత కుదరదు. ఐరన్‌కీ క్యాల్షియంకీ మాత్రతో నాలుగు గంటల ఎడం. ఇది నేను అందరికీ చెప్పే మాట, నాలుగు గంటలు. ఐరన్ బడి నుంచి వచ్చాక, సాయంత్రం నాలుగింటికి, నిమ్మరసంతో. క్యాల్షియం రాత్రి అన్నం తర్వాత. ఆ రెండింటినీ కూడా కలపకూడదు.

శ్రోత: సరేనమ్మా. అయితే ఆ పొడి...

డాక్టర్: ఆగండి, ఇంతకంటే ముఖ్యమైంది ఇంకా ఉంది. డాక్టరు 62.5 ఎందుకు రాశారు? 50 పనిచేయట్లేదని. రేపటి నుంచి మీరు సరిగ్గా ఇస్తే ఆ 62.5 మొత్తం ఒంట్లోకి పోతుంది, ఎక్కువ కావచ్చు. అందుకని రేపే మీ డాక్టరుకి ఫోన్ చేసి "ఇన్నాళ్లూ పాలల్లో ఇచ్చాం, ఇప్పుడు మార్చాం" అని ఉన్నదున్నట్టు చెప్పండి. 50కి తేవాలా, ఇదే ఉంచాలా అన్నది ఆయన నిర్ణయం. మీరుగా తగ్గించొద్దు. ఆరు వారాలకి మళ్లీ టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. ఈలోపు పిల్లాడు చికాకు పడుతున్నా, రాత్రి నిద్రపోకపోయినా, గుండె దడదడలాడినా, విరేచనాలు పలచబడినా ఆరు వారాలు ఆగొద్దు. వాడికి గుండెలో రంధ్రం లాంటిది ఉందా?

శ్రోత: పుట్టినప్పుడు ఉన్నింది, ఆపరేషన్ చేసినారు.

డాక్టర్: అయితే ఆ సంగతి కూడా గుర్తుచేయండి. రక్తం ఇచ్చే రోజు పొద్దున మాత్ర వేయకుండా వెళ్లండి, ఇచ్చి వచ్చాక వేయండి. ప్రతిసారీ ఒకే ల్యాబ్. మాత్రల సీసా ఎక్కడ పెడతారు?

శ్రోత: పొయ్యి పక్కన అరలో. కండ్లకి కనపడతాదని.

డాక్టర్: అక్కడ వేడి, ఆవిరి. ఆ మాత్రకి రెండూ పడవు. పడకగదిలో చల్లటి అల్మారాలో, దాని సీసాలోనే. వారం మాత్రలు ముందే నూరి పెట్టుకోవడం లాంటివి చేయకండి. ఇంట్లో ఏ ఉప్పు వాడతారు?

శ్రోత: కల్లుప్పు. ఊరి నుంచి మూట తెప్పించుకుంటాం. మీ ప్యాకెట్ ఉప్పు కూరకి రుచి రాదు.

డాక్టర్: ఆ ఉప్పులో అయోడిన్ ఉండకపోవచ్చు. ప్యాకెట్ మీద నవ్వుతున్న సూర్యుడి గుర్తు చూసి కొనండి, అది అయోడిన్ ఉప్పు గుర్తు. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు కూడా దానికి సాటి రావు. మూత బిగించి పెట్టండి, కూర దించే ముందు వేయండి. అయోడిన్ ఉప్పుతో మీవాడి థైరాయిడ్ నయమవదు, అది వేరే కారణం. కానీ ఇంట్లో మిగతా అందరికీ కూడా అవసరమే. రోజుకి ఎన్ని గ్లాసుల పాలు తాగుతాడు?

శ్రోత: నాలుగు. తిండి సరిగా తినడని పాలైనా పోతాయని.

డాక్టర్: పాలు తాగుతున్నాడు కాబట్టే తినడం లేదు. రోజుకి 400 ఎమ్మెల్ దాటొద్దు. పాలల్లో ఐరన్ దాదాపు లేదు, తిండిలోని ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వవు. టీ, కాఫీ ఇస్తారా?

శ్రోత: కాఫీ... కొంచెం. తాతతో పాటు.

డాక్టర్: మానేయండి. ఐరన్‌కి అది కూడా అడ్డమే. అన్నంలోకి పప్పు, ఆకుకూర, గుడ్డు, వారానికి రెండు మూడు సార్లు మాంసమో చేపో, మెత్తగా ఉడికించి. నమలడం రాదని మిక్సీలో వేయకండి, ముద్ద చిదిపి పెట్టండి. నమిలితేనే నోటి కండరాలు గట్టిపడతాయి, మాట కూడా బాగుపడుతుంది. ఐరన్ సిరప్ ఎంత పోస్తున్నారు?

శ్రోత: ఒక మూత.

డాక్టర్: మూత కొలత కాదమ్మా. దాంతో వచ్చిన కొలత గిన్నె వాడండి. సీసా మీద "ఎలిమెంటల్ ఐరన్" అని ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, లెక్క దాని మీదే. ఐరన్ తక్కువైన పిల్లలకి కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. మీవాడి బరువెంత?

శ్రోత: పదహారు కేజీలు.

డాక్టర్: అంటే సుమారు 48 మిల్లీగ్రాములు. మీ డాక్టరు రాసింది దానికి దగ్గరగా ఉందో లేదో ఆయన్నే అడగండి. పళ్లు నల్లబడకుండా సిరంజితో లోపలికి వేసి నోరు కడిగించండి. దొడ్డి నల్లగా వస్తుంది, భయపడకండి. రక్తం పెరిగింది కదా అని నెలకే ఆపేయకండి, నిల్వలు నిండటానికి మూడు నెలలు పడుతుంది.

శ్రోత: అన్నీ రాసుకుంటాండా తల్లీ. ఇంతకీ ఆ జ్ఞాపకశక్తి పొడి ఇయ్యొచ్చునా లేదా?

డాక్టర్: రెండోసారి అడిగారు కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఇవ్వొద్దు. అందులో ఏముందో లేబుల్ మీద ఉందా?

శ్రోత: లేబులు లేదు, పొట్లంలో ఇచ్చినారు.

డాక్టర్: అసలే ఇవ్వొద్దు. భస్మాలు కలిపిన కొన్ని మందుల్లో సీసం, పాదరసం ఉంటాయి. సీసం పిల్లల మెదడుకి నేరుగా విషం. మీవాడు అక్షరాలు మర్చిపోవడానికి, బడిలో తూగడానికి రెండు కారణాలు మీ నోటితోనే చెప్పారు. టీఎస్‌హెచ్ 18 ఉంది, రక్తం తక్కువుంది. ముందు వాటిని సరిచేద్దాం.

వ్యాఖ్యాత: అమ్మా, వేరే వాళ్లు వేచి ఉన్నారు. థాంక్యూ. మారతహళ్లి నుంచి మాట్లాడుతున్న తండ్రి.

శ్రోత: మేడమ్, మా అబ్బాయికి నాలుగేళ్లు. టీఎస్‌హెచ్ 7.2, ఫ్రీ టీ4 నార్మల్. ఒక డాక్టరు మాత్ర మొదలుపెట్టమన్నారు, ఒకరు వద్దన్నారు. తెలివికి మంచిదైతే ముందుజాగ్రత్తగా వేసేస్తే ఏం పోయింది?

డాక్టర్: టీఎస్‌హెచ్ 5కీ 10కీ మధ్య, టీ4 నార్మల్, ఇది ఈ పిల్లల్లో చాలా మామూలు. చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. రెండు మూడు నెలల్లో మళ్లీ చూడండి, దాంతోపాటు యాంటీ-టీపీఓ పరీక్ష కూడా, ఒళ్లే తన థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చెప్పేది. అది పాజిటివ్ అయితే ఆరు నెలలకోసారి చూడాలి. టీఎస్‌హెచ్ 10 దాటినా, టీ4 తగ్గినా మాత్ర. ఇక ముందుజాగ్రత్త సంగతి. నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఇదే పరీక్షించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 196 మంది పసికందులకి, సగం మందికి థైరాక్సిన్ అంటే ఈ థైరాయిడ్ మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, రెండేళ్ల పాటు. 2005లో ఫలితం వచ్చింది. రెండేళ్లప్పుడు కదలికల ఎదుగుదలలో నెల వయసు కంటే తక్కువ తేడా. అదే పిల్లల్ని పదేళ్లు దాటాక మళ్లీ చూస్తే ఆ తేడా కూడా లేదు. ఫ్రాన్సులో థైరాక్సిన్, ఫోలినిక్ యాసిడ్ అనే విటమిన్ కలిపి ఇచ్చి చూశారు, 2020లో వచ్చిన ఫలితం కూడా అంతే. లోటు ఉన్నవాడికి ఆ మాత్ర ప్రాణం. లోటు లేనివాడికి తెలివి పెంచదు, గుండె వేగం పెంచుతుంది.

శ్రోత: అర్థమైంది. పరీక్షకి ఖాళీ కడుపుతో...

డాక్టర్: అక్కర్లేదు. కానీ జుట్టుకో గోళ్లకో అని బయోటిన్ ఉన్న విటమిన్లు వాడుతుంటే మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. లోటున్న పిల్లాడు నార్మల్‌గా కనపడతాడు.

వ్యాఖ్యాత: యలహంక నుంచి.

శ్రోత: మేడమ్, మా పాపకి మూడేళ్లు. విదేశాల నుంచి ఒక విటమిన్ పొడి తెప్పిస్తున్నాం, డౌన్ పిల్లల కోసమే అంట. నెలకి పన్నెండు వేలు అవుతోంది. అందులో సెలీనియం, జింక్, విటమిన్ ఏ, ఇ, సి, ఫోలినిక్ యాసిడ్ ఉన్నాయి. మా వారు ఆపేద్దామంటారు. నాకు ధైర్యం చాలట్లేదు.

డాక్టర్: మీ భయం నాకు అర్థమవుతుంది. దీని వెనకున్న ఆలోచన తెలివితక్కువది కాదు. ఎస్‌ఓడీ1 అనే జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉంది. అది మూడు ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువ తయారై మెదడు కణాలు దెబ్బతింటాయేమో, యాంటీఆక్సిడెంట్లు ఇస్తే ఆగుతుందేమో అని. బ్రిటన్‌లో 156 మంది పసిపిల్లల మీద మీరు చెప్పిన ఇవే పదార్థాలతో ఏడాదిన్నర పాటు పరీక్షించి 2008లో ప్రకటించారు. ఎదుగుదలలో, మాటలో ఏ తేడా రాలేదు. 1980ల మొదట్లో ఎక్కువ మోతాదు విటమిన్లతో ఐక్యూ పెరిగిందని ఒక చిన్న అధ్యయనం వచ్చింది, తర్వాత చేసినవాళ్లెవరికీ ఆ ఫలితం రాలేదు. ఆపేయండి. మీరు బిడ్డకి అన్యాయం చేయడం లేదు. విటమిన్ ఏ ఎక్కువైతే కాలేయానికి ప్రమాదం, తలలో ఒత్తిడి కూడా పెరగొచ్చు. జింక్ ఏళ్ల తరబడి ఎక్కువిస్తే ఒంట్లో కాపర్ తగ్గిపోయి రక్తహీనత వస్తుంది. ఆ పన్నెండు వేలు స్పీచ్ థెరపీకి పెట్టండి. వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించారు?

శ్రోత: పుట్టినప్పుడు.

డాక్టర్: ముందు ఆ పని చూడండి. ఈ వయసులో ఆరు నెలలకోసారి కావాలి. సగం మాట వినపడని బిడ్డకి మాటెలా వస్తుంది?

వ్యాఖ్యాత: జయనగర్ కాలర్, చెప్పండి.

శ్రోత: గోధుమలు, పాలు మానేస్తే చురుకుదనం వస్తుందని మా గ్రూపులో...

డాక్టర్: పరీక్ష లేకుండా మానొద్దు. గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఈ పిల్లల్లో ఎక్కువే, నిజం. టీటీజీ-ఐజీఏ, దాంతో మొత్తం ఐజీఏ, ఈ రెండు రక్త పరీక్షలూ చేయించండి. గోధుమలు తింటూ ఉన్నప్పుడే చేయించాలి. ముందే మానేస్తే పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది. జబ్బు తేలితే జీవితాంతం మానాలి. ఐరన్ ఎంతిచ్చినా ఎక్కకపోయినా, థైరాయిడ్ మాత్ర సరిగా ఇస్తున్నా టీఎస్‌హెచ్ దిగకపోయినా సీలియాక్ కోసం వెతకాలి.

శ్రోత: పాలు అయితే...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయింది. కెంగేరి నుంచి తర్వాతి కాల్.

శ్రోత: నమస్తే మేడమ్. మేము పూర్తి శాకాహారులం. పాపకి ఐదేళ్లు, పాలు, పెరుగు కూడా ముట్టదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 11.2, ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు 98. కణాలు పెద్దవిగా ఉన్నాయని ఫోలిక్ యాసిడ్ రాశారు. ఐరన్ బాగుందన్నారు.

డాక్టర్: ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూశారా?

శ్రోత: లేదండీ. ఎంసీవీ తగ్గలేదు కాబట్టి అక్కర్లేదన్నారు.

డాక్టర్: ఇక్కడే జారిపోతుంది చూడండి. మామూలు పిల్లల్లో ఐరన్ తగ్గితే ఎర్రకణం చిన్నదవుతుంది, ఎంసీవీ పడిపోతుంది, డాక్టరు పట్టుకుంటాడు. డౌన్ సిండ్రోమ్‌లో ఎర్రకణాలు పుట్టుకతోనే పెద్దవి. ఐరన్ తగ్గితే ఆ పెద్ద కణం చిన్నదై నార్మల్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. కాగితం మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి. అందుకే వీళ్లకి ఏడాదికోసారి ఫెరిటిన్ చూడాలి, దాంతోపాటు సీఆర్పీ. జ్వరం, జలుబు ఉంటే ఫెరిటిన్ ఉత్తినే పెరిగి కనపడుతుంది, సీఆర్పీ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఫెరిటిన్ ఐదేళ్ల లోపు 12 కంటే, ఆ పైన 15 కంటే తక్కువుంటే లోటే. రాత్రి కాళ్లు ఆడిస్తూ దొర్లే పిల్లలకి 50 కంటే తక్కువున్నా నిద్ర డాక్టర్లు ఐరన్ ఇస్తారు.

శ్రోత: మా పాప మంచమంతా తిరుగుతుంది రాత్రిళ్లు.

డాక్టర్: అయితే తప్పక చూడాలి. ఐరన్ రక్తానికే కాదు, మెదడు కణాలు కబుర్లు పంపుకునే డోపమైన్ తయారీకి కూడా కావాలి. హిమోగ్లోబిన్ పడిపోకముందే నిద్ర, ధ్యాస దెబ్బతినొచ్చు. ఇంకొకటి. ఎంసీవీ పెద్దగా ఉండటం డౌన్ వల్లే అని వదిలేయకూడదు, బి12 లోటు వల్ల కూడా పెరుగుతుంది. మీ పాప గుడ్డు, పాలు, పెరుగు ఏదీ తీసుకోదు కాబట్టి బి12 వచ్చే దారే లేదు. పులిసిన దోసెపిండిలో ఉంటుందంటారు, దాన్ని నమ్ముకోలేం. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనపడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఈ వారమే ఫెరిటిన్, సీఆర్పీ, బి12. సరేనా?

శ్రోత: సరే మేడమ్, రాసుకున్నాను.

వ్యాఖ్యాత: వైట్‌ఫీల్డ్ నుంచి.

శ్రోత: మేడమ్, హార్మోన్ పంపుతో డౌన్ సిండ్రోమ్‌లో తెలివి పెరిగిందని వార్త చదివాను. మా బాబుకి ఎనిమిదేళ్లు. ఇక్కడ దొరుకుతుందా?

డాక్టర్: మీరు చదివింది జీఎన్‌ఆర్‌హెచ్ గురించి. మెదడులో తయారై యుక్తవయసుని మొదలుపెట్టే హార్మోన్ అది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎలుకల్లో ముందు చూసి, తర్వాత 20 నుంచి 50 ఏళ్ల మగవాళ్లు ఏడుగురికి చేతికి పంపు పెట్టి రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా, ఆరు నెలలు ఇచ్చారు. ఆరుగురిలో కొన్ని పరీక్షల్లో మెరుగు కనపడింది. ఆశ పుట్టించే పని అది, కాదనను. కానీ ఏడుగురే, ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చిన గుంపు లేదు, అందరూ పెద్దవాళ్లు. ఎనిమిదేళ్ల బిడ్డకి ఆ హార్మోన్ ఇస్తే వేళ కాని వేళ యుక్తవయసు మొదలవుతుంది. ఎవరైనా ఇస్తామంటే వెళ్లకండి. గ్రోత్ హార్మోన్ కూడా అంతే, దాని లోటు తేలిన పిల్లలకే తప్ప తెలివి కోసం కాదు. గ్రీన్ టీ సారం మాత్రలు కూడా పిల్లలకి వద్దు. బాబుకి ఈ ఏడాది టీఎస్‌హెచ్ చేయించారా?

శ్రోత: లేదు... రెండేళ్లయింది.

డాక్టర్: పంపు గురించి అడిగారు, ఆ పరీక్ష మాత్రం చేయించలేదు. రేపే చేయించండి. బాగున్నా సరే, ప్రతి ఏడూ.

వ్యాఖ్యాత: హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ నుంచి, క్లుప్తంగా అమ్మా.

శ్రోత: అమ్మాయికి పదమూడేళ్లు, బరువు బాగా పెరిగింది. థైరాయిడ్ నార్మల్. చదువులో ధ్యాస లేదు, పగలు కునుకు.

డాక్టర్: గురక పెడుతుందా? కూర్చుని ముందుకి వంగి నిద్రపోతుందా?

శ్రోత: రెండూనూ. చిన్నప్పటి నుంచీ.

డాక్టర్: నిద్రలో ఊపిరి ఆగుతుండొచ్చు. రాత్రంతా ఆక్సిజన్ తగ్గితే పగలు ఏ బుర్రా పనిచేయదు. స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ని చూసే పరీక్ష చేయించండి. గురక ఉన్నా లేకపోయినా ఈ పిల్లలందరికీ నాలుగేళ్ల లోపే ఒకసారి కావాలి. ముందు చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించండి. బరువు సంగతంటే, వీళ్ల ఒళ్లు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి తక్కువ, ఎత్తు కూడా తక్కువ. వయసుని బట్టి కాక ఎత్తుని బట్టి వడ్డించండి. జ్యూసు, బేకరీ తిండి ఆపి, రోజూ గంట నడక.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. కె.ఆర్.పురం పెద్దావిడ మళ్లీ లైన్లో ఉన్నారు మేడమ్, ఒక్క మాటే అంటున్నారు.

శ్రోత: డాక్టరమ్మా, కోడలు లేచింది, అన్నీ చెప్పినా. ఆయమ్మ అంటాది, పొద్దున బస్సు హడావిడి ఎందుకు, ఆ మాత్ర రాత్రి పడుకునేటప్పుడు ఇస్తే కాదా అని. నేను డ్యూటీకి పొయ్యే ముందర నేనే ఇస్తా అంటాది.

డాక్టర్: ఇవ్వొచ్చు. మంచి ఆలోచనే. కానీ అన్నం తిన్నాక మూడు గంటలు ఆగాలి. ఎన్నింటికి తింటాడు?

శ్రోత: ఆరున్నరకి. తొమ్మిదిన్నరకి పండుకుంటాడు.

డాక్టర్: సరిపోతుంది, పడుకునే ముందు పాలు మాత్రం ఉండకూడదు. అలాగైతే క్యాల్షియం రాత్రి వద్దు, పొద్దున జావ తర్వాతకి మార్చండి. ఐరన్ నాలుగింటికే ఉండనివ్వండి. పొద్దునో రాత్రో ఒకటే ఎంచుకోండి, మధ్యలో మార్చకండి. క్యాలెండర్లో ఇచ్చిన రోజు టిక్కు పెట్టండి, లేకపోతే మీరొకసారి ఆమె ఒకసారి ఇచ్చేస్తారు. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, మర్నాడు రెండు కలిపి ఇవ్వకండి.

శ్రోత: అట్లే తల్లీ. ఆ పొడి పారేసినా.

డాక్టర్: సంతోషం. ఆరు వారాలు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. రాసుకున్నారా?

శ్రోత: క్యాలెండర్ మీదే రాసినా.

వ్యాఖ్యాత: థాంక్యూ మేడమ్. శ్రోతలకి నమస్కారం.